గైర్హాజరు పుస్తకం: కాచిగూడ పంతులమ్మ గారిని ఎరిగినవారి కోసం

కాచిగూడ కూతురు | సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా అమ్మ పోయిన బుధవారం తెల్లవారుజామున కన్నుమూసింది. 1927లో పుట్టింది. ముందురోజు సాయంత్రం కూడా కుర్చీలో కూర్చుని పక్కింటి పాప చేత పేపరు చదివించుకుంది. ఆ పాప పలకని ఒత్తులు రెండు సరిదిద్దింది కూడా.

నింబోలి అడ్డకు వెళ్లే దారిలో, వేపచెట్టున్న పాత పెంకుటిల్లు మాది. 1951 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు, లెక్కలు చెప్పింది. 1983లో ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించడంతో అప్పటికే యాభై అయిదు దాటిన అమ్మ ఉద్యోగం ఒక్కసారిగా ముగిసింది. ఇంటికి వచ్చి కాఫీ తాగింది, ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి వసారాలో రెండు చాపలు పరిచి ఉన్నాయి. ఆ చాపలు చిరిగినప్పుడల్లా మార్చాం కానీ, ఇరవై అయిదేళ్లకు పైగా వసారా ఖాళీగా ఉన్న రోజు లేదు.

ఇక్కడ రాయడానికి కారణం వేరే ఉంది. ఆమె బీరువా కింది అరలో నల్ల అట్టల రిజిస్టర్లు ఏడు దొరికాయి. బడి హాజరు పట్టీలనుకున్నాను. తెరిచి చూస్తే హాజరైన వాళ్ల పేరు ఒక్కటీ లేదు. మొదటి పుటలో ఆమె గుండ్రటి చేతిరాతతో 'గైర్హాజరు' అని ఉంది. తేదీ, రాని పిల్ల పేరు, ఇల్లు ఎక్కడో, ఎందుకు రాలేదో, తను వెళ్లిందో లేదో, చివరికి ఏమైందో రాసుకుంది. కొన్ని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను:

"తమ్ముణ్ని ఎత్తుకోవాలట. తమ్ముణ్నీ తీసుకురమ్మన్నాను."

"పరికిణీ ఒక్కటే. ఉతికిన రోజు రాదు."

"సైకిల్ దుకాణంలో పనికి పెట్టారు. రాత్రిపూట రమ్మన్నాను."

"తల్లికి జ్వరం అన్నారు. జ్వరం కాదు, ఆకలి."

ఇలా వందల పుటలు. చిన్నప్పుడు ఈ పుస్తకాలంటే నాకు కోపం. అన్నం మధ్యలో లేచి చేయి కడుక్కుని, గొడుగు తీసుకుని ఎవరి ఇంటికో వెళ్లిపోయేది. నేను ఏనాడూ బడి ఎగ్గొట్టలేదు కాబట్టి నా పేరు ఏ పుటలోనూ లేదు. డెబ్బై ఏళ్ల వయసులో ఈ మాట రాయడానికి సిగ్గుపడటం లేదు. అమ్మను నాకంటే ఎక్కువ ఎరిగినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారని నాకు తెలుసు. మీకు గుర్తున్నది చెప్పండి.

రైలుకూత | సోమవారం, రాత్రి 9:25

అమ్మా, మీ ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాళ్లం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వీధిలో పెద్దవాళ్లంతా కంగారుపడ్డారు. రూపాయికి పదహారు అణాలని పుట్టినప్పటి నుంచి తెలిసినవాళ్లు, ఇప్పుడు నూరు పైసలంటే ఎలా? అణాకు ఆరుంబావు పైసలు. పావు పైసా ఎక్కడా ఉండదు. అందుకని అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు ఇరవై అయిదు అని పట్టిక ఇచ్చారు.

పంతులమ్మ గారు ఆ పట్టికను అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, కిరాణా దుకాణం తలుపుకు వేలాడదీశారు. సాయంత్రం బడి నుంచి వచ్చి అక్కడే నిలబడేవారు. అణా సరుకు మూడుసార్లు విడివిడిగా కొంటే పద్దెనిమిది పైసలు, ఒకేసారి మూడణాల సరుకు కొంటే పంతొమ్మిది. ఈ కిటుకును ఆడవాళ్లందరికీ ఆవిడే చెప్పారు. దుకాణదారు మొదట గింజుకున్నాడు. తర్వాత ఆవిడ దగ్గరే కూర్చుని తనూ నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది అక్టోబరులో సేర్లు పోయి కిలోలు రావడం మొదలైనప్పుడు ఆ అట్టముక్క వెనకవైపు కూడా నిండింది.

నేను రైల్వేలో టికెట్ల గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. చిల్లర లెక్క ఎప్పుడూ తప్పలేదు.

సైకిల్ దుకాణం | సోమవారం, రాత్రి 10:02

"రాత్రిపూట రమ్మన్నాను." అది నేనే.

1974. మా నాన్న కాలు విరిగి మంచం పట్టాడు. నన్ను బడి మాన్పించి పంక్చర్లు వేసే చోట పెట్టారు. నాలుగో రోజు టీచరమ్మ దుకాణానికి వచ్చారు. ఆవిడకు సైకిలే లేదు, ఎందుకు వచ్చారా అనుకున్నాను. యజమానితో గొడవ పెట్టుకోలేదు. "వీణ్ని ఏడింటికి వదులు, చాలు" అని మాత్రం అన్నారు. ఆయన సరేనన్నాడు. ఆయన చిన్న కూతురు కూడా టీచరమ్మ దగ్గరే చదివేది.

భిన్నాలు నాకు తలకెక్కేవి కావు. ఒక రాత్రి ఆవిడ, "మీ దుకాణంలో సైకిలుకు పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి పళ్లు ఎన్ని?" అని అడిగారు. నలభై నాలుగు. "వెనక?" పద్దెనిమిది. "మరి పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది?" మర్నాడు సైకిలును తిరగేసి, చక్రానికి దారం కట్టి లెక్కపెట్టాను. రెండున్నరకు కాస్త తక్కువ. ఆ సాయంత్రం పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. ఆవిడ పలక నా చేతికిచ్చి, "ఆ కాస్త ఎంతో ఇప్పుడు కనుక్కో" అన్నారు.

తర్వాత ఐటీఐలో ఫిట్టర్ చదివి, అక్కడే బోధకుణ్నయ్యాను. పళ్ల చక్రాల పాఠం వచ్చినప్పుడల్లా సైకిలు తిరగేసే చెప్పాను.

అక్కా, ఆ పుట ఒక్కసారి చూడాలని ఉంది.

అత్తరు సీసా | సోమవారం, రాత్రి 11:15

మేము ఆమెను ఉస్తానీమా, అంటే టీచరమ్మ, అనేవాళ్లం. చప్పల్ బజార్ వైపు మా ఇల్లు. మా నాన్న 1978లో జెద్దా వెళ్లారు. ఆయన ఉత్తరాలు ఉర్దూలో రాసేవారు. మా అమ్మీకి చదవడం రాదు. ఇంట్లో చదవగలిగిన మగవాళ్లు ఉన్నారు కానీ భర్త రాసిన ఉత్తరాన్ని మరిది చేత ఏ ఆడది చదివించుకుంటుంది? నెలకోసారి బురఖా వేసుకుని, నన్ను తోడు తీసుకుని మీ ఇంటికి వచ్చేది.

ఉస్తానీమా ఉర్దూ ఎంత చక్కగా చదివేవారో! నిజాం కాలంలో కచేరీలో మున్షీగా పనిచేసిన తండ్రి దగ్గర నేర్చుకున్నానని చెప్పేవారు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, "బాబూ, లోపలికి వెళ్లి మంచినీళ్లు తీసుకురా" అనేవారు. నేను తెచ్చేవాణ్ని. రెండు పంక్తుల తర్వాత మళ్లీ మంచినీళ్లు. ఆ వయసులో నాకు అర్థం కాలేదు. ఈవిడకు ఇంత దాహమేమిటా అనుకునేవాణ్ని. పెళ్లయ్యాక ఒకరోజు గుర్తొచ్చి, కూర్చున్నచోటే కళ్లు చెమర్చాయి.

ఒక ఉత్తరం విని అమ్మీ చాలాసేపు ఏడ్చింది. అందులో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. అమ్మీ పోయాక ఉస్తానీమాను అడిగాను కూడా. "అది మీ అమ్మ ఉత్తరం" అన్నారు, అంతే.

1990 డిసెంబరు కర్ఫ్యూ రోజుల్లో సడలింపు దొరికిన రెండు గంటల్లో మా ఇంటికి పాలు పంపింది ఆమే. ఆ సంగతి రాయకుండా ఉండలేను.

బర్కత్‌పురా కోడలు | మంగళవారం, ఉదయం 7:30

నా పేరు ఆ పుస్తకాల్లో ఉండదు. నేను చిన్నపిల్లను కాదు, ముప్పై ఒక్కేళ్ల ఇల్లాలిని. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. మా పెద్దవాడు వసారాలో చదువుకుంటుంటే గుమ్మం దగ్గర కూర్చుని వినేదాన్ని. ఒకరోజు వాడికి వ్యాకరణం ప్రశ్న వేశారు. వాడికి రాలేదు, నేను నోరు జారి చెప్పేశాను. పంతులమ్మ గారు కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "నువ్వు చాప మీదికి రా" అన్నారు.

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అలాంటిది అదే మొదటిది. బడిలో పై తరగతులు చదవకపోయినా అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేరవచ్చని ఆమె నాకు చెప్పినప్పుడు నమ్మలేదు. దరఖాస్తు ఆమే తెచ్చారు. మా అత్తగారిని ఒప్పించిన తీరు మాత్రం చెప్పాలి. చదువు మంచిదని ఒక్క ముక్క కూడా చెప్పలేదు. వారం రోజులు రోజూ సాయంత్రం వచ్చి, మా అత్తగారికి భాగవతం చదివి వినిపించారు. ఎనిమిదో రోజు, "రేపటి నుంచి మీ కోడలు చదువుతుంది, వినండి" అన్నారు. నేను చదివాను. మా అత్తగారు విన్నారు. నా పుస్తకాలకు డబ్బు ఆవిడే ఇచ్చారు.

అంతకుముందు తరం ఆడవాళ్లను పంతులమ్మ గారు సారస్వత పరిషత్తు వారి తెలుగు పరీక్షలకు కూర్చోబెట్టారని మా వీధిలో పెద్దలు చెప్పుకునేవారు. ఎవరికైనా తెలిస్తే రాయండి.

లెక్కల మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

అవును, నిజమే. బొగ్గులకుంటలోని పరిషత్తుకు ముగ్గురు నలుగురిని వెంటబెట్టుకుని నడిచి వెళ్లేవారని నాకూ తెలుసు. నేను ఆవిడతో కలిసి ఆరేళ్లు పనిచేశాను. వయసులో చాలా చిన్నవాణ్ని.

ఆవిడ చదువు నారాయణగూడలో, తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి మాడపాటి హనుమంతరావు గారు 1928లో మొదలుపెట్టిన బడిలో సాగింది. నిజాం రాజ్యంలో ఎక్కువగా ఉర్దూ మాధ్యమమే ఉన్న కాలం. ఉద్యోగంలో చేరిన కొత్తలో హాలీ సిక్కా (నిజాం రూపాయి), భారత రూపాయి రెండూ చలామణీలో ఉండేవని, ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కతోనే నిష్పత్తి పాఠం చెప్పేదాన్నని అనేవారు. నిష్పత్తికి అంతకంటే మంచి పాఠం నాకు ఇప్పటికీ తెలియదు.

1980 ఫిబ్రవరి 16, శనివారం. సూర్యగ్రహణం. జాపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర సంపూర్ణం, నగరంలో దాదాపు సంపూర్ణం. మధ్యాహ్నానికే వీధులు బోసిపోయాయి. గర్భిణులను గదుల్లో పెట్టి తలుపులు బిగించారు. కొందరు కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. ఆవిడ వీధిలో ఇల్లిల్లూ తిరిగి, "సూర్యుణ్ని చూడవద్దు, నేనూ చూడను. మా వేపచెట్టు కింద నేలను చూద్దాం రండి" అని పిలిచారు. వచ్చింది పదకొండు మందిమి. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ చూస్తుండగానే కొడవళ్లయ్యాయి. వందలు, వేలు. వాకిలంతా చంద్రవంకలే. ఒక పిల్ల వాటిని తొక్కకూడదని కాలు ఎత్తిపెట్టి ఒంటికాలి మీద నిలబడింది. ప్రతి సందూ ఒక సూదిబెజ్జంలా పనిచేసి సూర్యుడి బొమ్మను నేల మీద వేస్తుందని ఆవిడ అక్కడే చెప్పారు. నేను లెక్కలు, సైన్సు చదివినవాణ్ని. చెట్టు నీడలోని చుక్కలు సూర్యుడి బొమ్మలని నాకు అంతవరకూ తట్టలేదు.

పాత పొరుగు | మంగళవారం, రాత్రి 9:50

రాయాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను.

1966. మా అక్కకు పదమూడేళ్లు, ఏడో తరగతి. సంక్రాంతి తర్వాత మా నాన్న బడి మాన్పించాడు. అప్పటి చట్టం ప్రకారం ఆడపిల్ల పెళ్లికి పదిహేనేళ్లు నిండాలి. ఆ సంగతి మాకు చెప్పింది టీచరమ్మే. దారిలో అక్కను ఆపి, "శనివారం వచ్చి మీ నాన్నతో మాట్లాడతాను, భయపడకు" అన్నారు. ఆ శనివారం అక్క తల దువ్వుకుని గడప మీద కూర్చుంది. చీకటి పడేదాకా కూర్చుంది. ఆవిడ రాలేదు. మరుసటి శనివారానికి మా ఇంట్లో పసుపు దంచారు. అప్పుడొచ్చారు. "పసుపు దంచాక ఏం మాట్లాడతారమ్మా" అన్నాడు మా నాన్న. ఆవిడ తల వంచుకుని వెళ్లిపోయారు.

అక్కను జడ్చర్ల దగ్గరి పల్లెకు ఇచ్చారు. నాకప్పుడు పదేళ్లు. గడప మీద కూర్చున్న అక్క ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆవిడ చేసిన మేళ్లన్నీ నిజమే. నేనూ కొన్ని చూశాను. కానీ ఆ శనివారం కూడా నిజమే.

రైలుకూత | మంగళవారం, రాత్రి 10:20

అయ్యా, మనిషి పోయి వారం తిరగలేదు. ఇది చెప్పే సమయమా?

నిర్వాహకులు | మంగళవారం, రాత్రి 10:45

ఎవరి జ్ఞాపకం వారిది. ఆయన మర్యాదగానే రాశారు. ఆ సందేశాన్ని తొలగించం.

కాచిగూడ కూతురు | బుధవారం, తెల్లవారుజామున 4:30

తమ్ముడూ, మీరు రాసినది చదివాక నిద్రపట్టలేదు. రెండో రిజిస్టరు తీశాను. 1966 మాఘమాసం పుటలు వెతికాను. మీ అక్క పేరు ఉంది. పక్కన, "శనివారం వెళ్లాలి" అని ఉంది. ఆ తర్వాత పదకొండు రోజులు పుస్తకంలో ఒక్క అక్షరం కూడా లేదు. ఏడు పుస్తకాలూ తిరగేశాను. ఇంత పెద్ద ఖాళీ మరెక్కడా లేదు.

ఆ పదకొండు రోజులు నాకు టైఫాయిడ్. జ్వరం దిగక తెలివి తప్పి ఉన్నాను. నాకు గుర్తున్నవి రెండే. నుదుటి మీద తడిగుడ్డ, ఎప్పుడు కళ్లు తెరిచినా ఎదురుగా అమ్మ ముఖం. అమ్మ నన్ను వదిలి వీధిలోకి వెళ్లిపోయేదని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఒక్కసారి వీధిని వదిలి నా దగ్గర కూర్చుంది. ఆ కూర్చున్నందుకు మీ అక్క గడప మీద కూర్చోవలసి వచ్చింది. మీకు ఏమని చెప్పాలో తెలియడం లేదు.

ఖాళీ తర్వాత మొదటి వాక్యం ఇది: "పసుపు దంచారు. ఆలస్యంగా వెళ్లాను. తప్పు నాది." కారణం రాయలేదు. నా జ్వరం సంగతి రాయలేదు.

దాని కింద వేరే సిరాతో మరో పంక్తి ఉంది. "1971. ఉత్తరం వచ్చింది. చేతిరాత తనదే. దీర్ఘాలు ఇంకా సరిచూసుకోవాలి." ఇది మీకు తెలుసా?

పాత పొరుగు | బుధవారం, ఉదయం 11:05

తెలియదు.

పొద్దున అక్కకు ఫోను చేసి, మీరు రాసినదంతా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పెళ్లినాడు టీచరమ్మ వచ్చి అక్క చేతిలో ఏదో పెట్టడం నేను చూశాను. డబ్బు అనుకున్నాం. డబ్బు కాదట, అయిదు పోస్టు కార్డులు. అన్నింటి మీదా మీ ఇంటి చిరునామా రాసి ఉంది. వెనకవైపు ఖాళీ. చీరల అడుగున దాచుకుందట. పొట్లాల కాగితాలు, పంచాంగం, ఏది దొరికితే అది చదువుతూ అక్షరాలు మరచిపోకుండా చూసుకుందట. మొదటి కార్డు రాయడానికి అయిదేళ్లు పట్టింది. జవాబు వచ్చింది. అందులో తప్పులన్నీ దిద్ది పంపారట. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఎన్నో ఉత్తరాలు నడిచాయి. కార్డులు అక్కే కొనుక్కునేది. టీచరమ్మ ఇచ్చిన వాటిలో ఒకటి మాత్రం రాయకుండా దాచిందట. ఇంకా ఉంది.

ఆ శనివారం ఎందుకు రాలేదో అక్కకు ముందే తెలుసు. టీచరమ్మ మొదటి జవాబులోనే రాశారట. నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు.

సైకిల్ దుకాణం | బుధవారం, ఉదయం 11:40

అన్నా, మీ అక్కయ్య నగరానికి వస్తే స్టేషనుకు నేను వెళ్తాను. మా అబ్బాయి కారు ఉంది.

కాచిగూడ కూతురు | బుధవారం, సాయంత్రం 5:15

ఈ ఆదివారం పొద్దుటి నుంచి ఇల్లు తెరిచే ఉంటుంది. వసారాలో చాపలు వేయిస్తాను. రిజిస్టర్లు ఏడూ బల్ల మీద పెడతాను. ఎవరి పుట వాళ్లకే చూపిస్తాను. ఉత్తరాల సంగతిలో అమ్మ పెట్టిన పద్ధతే ఇక్కడా. వేపచెట్టు అలాగే ఉంది. గేటు గొళ్లెం బిగుసుకుపోయింది, పైకెత్తి తోయండి.

పాత పొరుగు | బుధవారం, సాయంత్రం 6:20

అక్క ఆదివారం రైలుకు వస్తానంటోంది. పదకొండింటికల్లా కాచిగూడలో దిగుతుంది. మోకాళ్ల నొప్పి ఉంది, చాప మీద కూర్చోలేదు. గడప పక్కన ఒక కుర్చీ వేయించండి. నేనూ వస్తాను.